శివారు వంతు

పోయినసారి మనకొచ్చినవి నూట పదకొండు.
మా వీధిలోనే నూట నలభై ఉన్నాయి.
ఆ లెక్క నేనెవరికీ చెప్పలేదు.
జాబితా వెనకట్ట మీద పెన్సిలుతో రాసుకుని
బ్యాంకు అప్పుకాయితాల మధ్య దాచుకున్నాను.

ఈసారీ నిలబడతానంది నల్లి ఎస్తేరమ్మ,
బడి వెనకాల మధ్యాహ్నం గిన్నెలు తోముతూ,
మోచేతుల దాకా మసితో.
వస్తావా అని అడగలేదు నన్ను.
"మైకు అద్దె ఎంతవుద్దో కనుక్కో" అంది, అంతే.

మా గుర్తు కప్పూ సాసరూ.
చెరువులాయనకి ఉంగరం.
"ఉంగరం ఇచ్చేవోడుండగా మీ టీ ఎవడిక్కావాలిరా!"
లాకుల దగ్గర పాకహోటల్లో ఒకటే నవ్వు.
నేనూ నవ్వేను.
నవ్వకపోతే గొంతులో టీ దిగేలా లేదు.

మోపెడ్డుకి మైకు కట్టుకుని గట్టు మీద పోతుంటే
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు గిరగిరా తిరుగుతూ
నా గొంతుని తునకలు చేసి ఉప్పునీళ్ళలో కలిపేస్తాయి.
వినేది కొంగలు.
ఇంకా, మోటారు షెడ్డు నీడలో ఓ కాపలా కుర్రాడు.
ఒడిశా నుంచి వచ్చినోడు, ఇక్కడ వాడికి ఓటే లేదు.
చెయ్యి ఊపుతాడు.
ఆ రోజుకి అదే మా బహిరంగ సభ.

రెండో వారానికి పదిమందిమి నలుగురం అయ్యాం.
సత్తిపండు వాళ్ళావిడకి నొప్పులన్నాడు. నిజమే.
ఇశ్రాయేలుకి ఎవరో బాకీ గుర్తుచేశారంట. అదీ నిజమే.
ఒకర్ని అనడానికేం లేదు.

నాకూ ఓ రాత్రి అనిపించింది
కాళ్ళు పీకుతుంటే, చాప మీద దొర్లుతూ:
ఆవిడ గెలవదు.
ఆవిడకీ తెలుసు.
తెల్లారి మోపెడ్డు పాడైందని చెప్పేస్తే సరి.

మాది శివారు కౌలు, ఎకరం నర.
దాళ్వాకి వంతులు పెడితే
పైవాళ్ళ మడులన్నీ తాగి, తేన్చి, తూములు మూశాక
అడుగూ బొడుగూ మా బోదెలోకి జారేసరికి మూడో జాము.
కొన్ని వంతులకి అదీ ఉండదు.
అయినా పొద్దుగూకకముందే పారేసుకుని పోతాం,
ఎండ్రకాయలు తొలిచిన గండ్లు పూడుస్తాం,
దోమల్లో గట్టు మీదే పడుకుంటాం.
నీళ్ళొస్తాయని మాకెవడు రాసిచ్చాడు?
వచ్చిన రాత్రి గండి తెరుచుకునుంటే
ఆ కాసినీ మురుక్కాలవ పాలు.
అప్పుడు తిట్టుకోడానికి లస్కరు కూడా దొరకడు.

మోపెడ్డు పాడవలేదు. పెట్రోలు మాత్రం అప్పు.

నిన్న పై వీధికెళ్ళాం.
ఎస్తేరమ్మ చేతిలో మా కుళాయినీళ్ళ సీసా.
"ఓ చుక్క నోట్లో పోసుకుని చెప్పండమ్మా" అంటాది,
ఇంకే ప్రసంగమూ రాదు ఆవిడకి.
తలుపులు మెల్లగా మూశారు, మర్యాదగానే.
పసుపు రంగు మేడలో పెద్దావిడొకరు పోసుకున్నారు.
మొహం చిట్లించి ఉమ్మేశారు.
ఏమీ అనకుండా లోపలికెళ్ళారు.

పై వీధిలో మాకెప్పుడూ కాయితం గ్లాసులే.
అంతకుముందు, చూరులో దోపిన సత్తుగ్లాసు,
మా అమ్మ తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపొచ్చేది.

ఆవిడ బయటికొచ్చారు.
పింగాణీ కప్పు, కింద సాసరు.
అంచుకి నీలం గీత.
ఎస్తేరమ్మ నాకేసి చూసింది.
నేను నా చెప్పులకేసి చూసుకున్నాను.
తాగి, కడగడానికి పంపు దగ్గరికి పోబోతే
"ఉంచమ్మా, అక్కడుంచు" అన్నారు.

ఓటేస్తారో లేదో నాకు తెలీదు.
రాత్రి జాబితా తీశాను, పెన్సిలు చెక్కాను,
ఆవిడ పేరు దాకా వెళ్ళి
టిక్కు పెట్టకుండా మడిచేశాను.

మైకు బ్యాటరీ ఛార్జింగులో ఉంది.
గొంతు బొంగురుపోయింది, మిరియాలు నములుతున్నాను.
రేపు మళ్ళీ ఆ ఏరేటర్ల గట్టు మీంచే దారి.
ఆ కుర్రాడు చెయ్యి ఊపుతాడు కదా,
ఈసారి బండి ఆపి
వాడి పేరేంటో అడగాలి.