బయటికెళ్ళిన వస్తువుల పుస్తకం

మందసలో మా మ్యూజియం అంటే
ఒకప్పటి ఎరువుల గోదాము.
వాన పడితే ఇప్పటికీ యూరియా వాసనేస్తుంది.
నూట పన్నెండు వస్తువులు, రెండు ట్యూబులైట్లు,
అందులో ఒకటి వెలగదు.
లేబుళ్ళన్నీ నా చేతిరాతే.
"నలభై ఏడు. తుడుము. సవర. మట్టి కుండ, మేకతోలు.
కందికొత్త పండుగలో వాయించేవారు."

ఆ "వాయించేవారు" దగ్గరే
సోమింటి ఆగిపోయింది మొదటి ఏడు.
ఆమెకు చదువు రాదు. మనవడి చేత చదివించుకుని
నా వైపు తిరిగింది.
"సచ్చిపోనామేటి బావూ, మేం?"

నాకు మాట రాలేదు.
వీధిలో జీడిపిక్కలు కాలుస్తున్న పొగ,
కళ్ళు మండాయి. పొగకే అనుకున్నాను.

"మాది పగిలిపోనాది. పండగ రేపు కాదెల్లుండి.
కొత్త కందులు పెద్దోలకి పెట్టకండా మేమెలాగ తింతాం?
దీన్నిలాగియ్యి. తెచ్చెస్తాను."

రూల్సులో లేదు.
రిజిస్టరు వెనక పేజీలో గీతలు గీశాను:
వస్తువు. బయటికి. కారణం. లోపలికి.
కారణం కింద "పండుగ" అని రాస్తుంటే
చెయ్యి కొంచెం వణికింది, కొత్తగా సంతకం నేర్చినవాడిలా.

ఆరో రోజున తిరిగొచ్చింది తుడుము,
మసితో, కల్లు మరకతో, అంచున కొత్త తోలు అతుకుతో.
కుదిపితే లోపల గలగలమంది.
ఒక కంది గింజ.
దాన్ని ఏ నంబరు కింద చేర్చాలో తెలియక
జేబులో వేసుకున్నాను.

ఆ ఏడే, ఎండల్లో,
విశాఖలో చదువుకుంటున్న అమ్మాయి ఒకతె
పలాసలో దిగి ఆటోలో వచ్చింది.
పేరు ఐసానెం. కరకల్పాక్.
ఎక్కడమ్మా అది అంటే
"మా ఊరి సముద్రం వెళ్ళిపోయింది, పడవలు ఉండిపోయాయి,
అక్కడ" అంది, బడిలో నేర్చిన తెలుగులో,
ఒక్కో మాటా ఏరుకుంటూ.

వాళ్ళ నాయనమ్మ పెళ్ళినాటి తలకట్టు
నుకుస్ మ్యూజియంలో అద్దాల వెనక ఉందట.
ముసలామె ఏడాదికోసారి బస్సెక్కి వెళ్ళి
అద్దానికి ముక్కు ఆనించేదట.
ఊపిరికి అద్దం మసకబారితే
కాపలావాడు చూడనట్టు పక్కకి తిరిగేవాడట.
మొలకెత్తిన గోధుమల్ని పండుగకి
రాత్రంతా ఆడవాళ్ళు కలియబెడతారట,
అడుగంటకుండా కుండలో గులకరాళ్ళు వేసి.
పొద్దున్న ఎవరి గిన్నెలో రాయి పడితే
వాళ్ళొక కోరిక కోరుకోవచ్చు.

"నీకెప్పుడైనా పడిందా?"
"పడింది. ఏం కోరానో మర్చిపోయాను.
రాయి దాచుకున్నాను."

నేను జేబు తడుముకున్నాను.

ఆమె వెళ్ళాక, తలుపు మూసే ముందు,
"వాయించేవారు" కొట్టేసి
పైన "వాయిస్తారు" అని రాశాను.
కొట్టివేత కనబడాలనే కొట్టేశాను.

తర్వాత తొమ్మిదేళ్ళు.
బయటికి, లోపలికి. బయటికి, లోపలికి.
తనిఖీకొచ్చిన ఆఫీసరు అడిగాడు,
"పగిలిపోతే ఎవడిది బాధ్యత?"
పగిలితే మరొకటి చేసేవాళ్ళు
కొండమీద ఉన్నారు సార్, అన్నాను.
ఆయన అది కూడా రాసుకున్నాడు, నా మీద.

ఈ మాఘంలో సోమింటి రాలేదు.
మనవడు బొంకుడు వచ్చాడు, బూడిద రంగు చొక్కాలో,
గోళ్ళ నిండా తెల్ల పిండి.
గోడమీద నాయనమ్మకి ఎడిసింగు వేస్తున్నాడట,
గుర్రాలయ్యాయి, సూర్యుడు ఇంకా కాలేదు.
తుడుము చేతికిస్తే చాలాసేపు తోలు నిమిరాడు.
"దెబ్బ ఎలాగెయ్యాలో నీకు తెలుసునా బావూ?
ఇందల రాసుందా?"
లేదు.
కొలతలున్నాయి, బరువుంది, తేదీ ఉంది.
దెబ్బ లేదు.

"మొగసాల ముసలోడొకడున్నాడు, అడుగుతాను" అని
కుండని చంటిబిడ్డలా ఎత్తుకుని వెళ్ళాడు.

నాలుగు నెలలైంది.
"లోపలికి" గడి ఖాళీ.
ఆఫీసు నుంచి మెమో వచ్చింది, రెండోది.
అల్మరాలో, ధూళి మధ్య,
కుండ కూర్చున్న చోట
గుండ్రంగా శుభ్రమైన మచ్చ ఒకటి.
రోజూ గుడ్డ పట్టుకుని తుడుస్తాను, అంతా.
దాని చుట్టూ తుడుస్తాను.