పడుకోబెట్టిన ముక్క

కగ్గదాసపుర రైల్వేగేటు పడిందంటే
పెంచలయ్య ఇంకో పావుగంట ఆలస్యం.
ఈలోగా చాప పరుస్తాం.
ముక్కలు ఎగురుతాయని ఫ్యాన్ ఆపేస్తాం.
అడవి మధ్యలో, కోట ఉత్తరాన,
పాము కట్ట అన్నం గిన్నెకి దూరంగా.
గాయాలకని పెట్టెలో ఇచ్చిన ఎర్రబిళ్లలు
ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయాయి.
ఇప్పుడు మా గాయాలన్నీ చింతపిక్కలే.

నాకు తెలిసిన పేకాట వేరు.
కావలిలో మా మేనమామ
ముక్కల్ని గుండెకి ఆనించి పట్టుకునేవాడు,
పక్కవాడి కనుబొమ్మ చదివేవాడు.
వాచీ ఒకసారి, సైకిలు ఒకసారి
అలా వెళ్లి వేరే ఇళ్లల్లో తిరిగేవి.
అందుకే మొదటి రాత్రి అడిగాను:
"ఇందులో ఎవర్ని ముంచాలి?"
షమీనా నవ్వింది. "ఎవర్నీ కాదు.
మునిగితే నలుగురం, తేలితే నలుగురం."

నమ్మడానికి మూడు శుక్రవారాలు పట్టింది.

నిబంధనల పుస్తకం ముప్పై ఆరు పేజీలు.
ఓబులేసు వేలు తడి చేసుకుని
దాన్ని పంచాంగంలా తిరగేస్తాడు.
చేతిలో ముక్క చూపించకూడదు, చెప్పొచ్చు.
చెప్పొచ్చు గానీ అంకె చెప్పకూడదు.
"నా దగ్గర కొంచెం గట్టిదే ఉంది" అంటుంది షమీనా.
గట్టిదంటే ఎంత గట్టి?
"మన ఓనరమ్మ చేత అడ్వాన్సు కక్కించేంత కాదు."
మాకు అర్థమైపోతుంది: ఐదు.
ఇది నిబంధనకి లోపలో బయటో
ఇప్పటికీ తేలలేదు.

చుట్టు చివర పాము కట్టలోంచి ఒక ముక్క తిప్పాలి,
ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా.
ఈ ఒక్కటి మాత్రం
మాకెవరూ వివరించక్కర్లేకపోయింది.

నాకు ఇష్టమైనది తొమ్మిదో పేజీలో ఉంది.
వాడిన ముక్కని అడ్డంగా తిప్పాలి.
అంటే అలసిపోయిందని.
విలుకాడైనా, మంత్రగత్తె అయినా, కుంటిగుర్రమైనా
అడ్డంగా ఉన్నవాళ్లని ఎవరూ పిలవకూడదు,
పాము గుమ్మంలోకి వచ్చినా సరే.
చుట్టు పూర్తయ్యాక
అందర్నీ ఒకేసారి లేపి నిలబెట్టాలి.
ఇది రాసినవాళ్లెవరో
పని చేసి ఇంటికొచ్చినవాళ్లే అయ్యుండాలి.

పోయిన వారం గెలిచాం, మొదటిసారి.
వీధి చివరి బేకరీలో దిల్‌పసంద్
నాలుగు ముక్కలు కోయించుకుని తిని
నోట్‌బుక్‌లో తేదీ వేసి సంతకాలు చేశాం.

ఇవాళ ఓబులేసు ఉన్నట్టుండి ఆగిపోయాడు.
ఇరవై రెండో పేజీ, అడుగున చిన్న అక్షరాలు:
వంతెన దాటేటప్పుడు ఒక్కొక్కరూ
ఒక్కో ముక్క వదులుకోవాలి.
మేం వదల్లేదు. దర్జాగా దాటేశాం.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.
చూసినవాడు లేడు.
చొక్కా పట్టుకుని అడగడానికి
ఓడిపోయినవాడూ లేడు.
పాముకి నోరు లేదు, అది అట్టముక్క.
"మరి తిన్న దిల్‌పసంద్ సంగతేంటి?" అన్నాను.
"అది తిన్నాం. అది నిజమే" అని
ఓబులేసు స్కేలు పెట్టి
గెలుపు మీద గీత గీశాడు.
మా మేనమామ చూసుంటే పిచ్చి అనేవాడు.
ఆ తర్వాత సైకిలు గుర్తొచ్చేదేమో.

పదకొండుకి మళ్లీ వంతెన దగ్గరికి వచ్చాం.
షమీనా తన కొంచెం గట్టిది వదిలింది.
ఐదు కాదు, ఏడు.
ఓనరమ్మని మేం తక్కువ అంచనా వేశాం.

పెంచలయ్య వంతు. పలకలేదు.
ఒకే రోజు రెండు షిఫ్టులు చేసొచ్చి
డ్యూటీ చొక్కా గుండీలైనా విప్పకుండా
చాప అంచున అడ్డంగా పడి ఉన్నాడు,
ముక్కలు అరచేతి కింద బోర్లా.
అందులో బాణం ఉందని
సాయంత్రం నుంచీ అంకె చెప్పకుండా చెబుతూనే ఉన్నాడు.
మెల్లగా లాగి ఆడేస్తే కోట మాదే.
ఒకరి ముక్కలు ఒకరు చూడకూడదు, నాలుగో పేజీ.
అడ్డంగా ఉన్నవాళ్లని, తొమ్మిదో పేజీ.

షమీనా లేచి ఫ్యాన్ వేసింది.
సగం అడవి ఎగిరి కోట మీద పడింది.
ఏ చెట్టు ఎక్కడుండేదో
ముగ్గురం గుసగుసగా పోట్లాడుకుంటూ
మిగిలినవి ఎగరకుండా
ఒక్కోదాని మీదా ఒక్కో చింతపిక్క పెట్టుకుంటూ
కూర్చున్నాం.
గేటు దగ్గర గూడ్సు పోతోంది, తొందరేం లేకుండా.