పది గజాల గొలుసు

వారమంతా ఇళ్ళల్లో తివాచీలు పరుస్తాను.
మోకాళ్ళే నా పనిముట్లు.
ఆదివారం మాత్రం నిలబడి చేసే పని.
స్టోకర్స్ మైదానం అంచున
నారింజ రంగు కర్ర పట్టుకుంటాను.
రెండో కర్ర గస్ టోమ్‌చాక్ చేతిలో,
అతను స్కూలు బస్సు తోలతాడు.
మా ఇద్దరి మధ్యా పది గజాల గొలుసు.

నాలుగు ప్రయత్నాల్లో ఆ పది గజాలూ దాటితే
మళ్ళీ నాలుగు.
దాటకపోతే బంతి అవతలివాళ్ళది.
ఆటంటే ఇంతే. మిగతాదంతా కేకలు.

మాకు కేకలు నిషేధం.
కొలిచేవాడికి జట్టు ఉండకూడదని
సంతకం పెట్టించుకున్నారు.
పదిహేడేళ్ళుగా పెదవి కొరుక్కుంటున్నాను,
కింది పెదవికి ఒక గుంట కూడా పడింది.

సెప్టెంబరులో మొదటి ఆట.
ఆఖరి తాపు ఇనప స్తంభానికి తగిలి
ఠంగుమంది.
ఇంటికెళ్ళి కారు తలుపు వేసేదాకా
ఆ చప్పుడు చెవిలోంచి పోలేదు.
రెండోది పరాయి ఊళ్ళో.
సగంలో టీవీ కట్టేసి
గరాజులో కత్తులు నూరుకున్నాను.
మూడోదాంట్లో కొత్త కుర్రాడు, టారెల్ విన్‌గేట్,
మూడుసార్లు బంతిని ఎదుటివాళ్ళ గుండెల్లోకే విసిరాడు,
చిరునామా రాసి పోస్టులో వేసినంత శ్రద్ధగా.
నాలుగోది కూడా పరాయి ఊళ్ళోనే.
నూరడానికి కత్తులు మిగల్లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు.
మాది రెండుచోట్లా సమన్యాయం.

ఓడిపోవడం ఎంత బరువో
గొలుసు మోసేవాణ్ణి అడగండి.
మావాళ్ళ చేతిలో బంతి ఉన్నంతసేపూ
నేనూ గస్సూ పాతిన కంచె గుంజలం.
అవతలివాళ్ళకి వెళ్ళిందా,
ఇక పరుగే పరుగు.
పది, మరో పది, ఇంకో పది,
ఈ దిక్కుమాలిన మోకాళ్ళతో
వాళ్ళ గెలుపుని
నేనే మోసుకెళ్ళి పెట్టి రావాలి.

ఫ్రంట్ స్ట్రీట్‌లో ఒడెట్ హోటల్ అద్దం మీద
"గెలిస్తే సోమవారం పై ముక్క ఉచితం."
ఆగస్టులో రాసిన సుద్ద ఇంకా కొత్తగానే ఉంది.
"నాకు లాభమే" అంటుంది ఒడెట్,
కాఫీ పోస్తూ, నవ్వకుండా.

అయిదో ఆటకి వాన.
సరస్సు మీంచి అడ్డంగా కొట్టే వాన.
పై వరసల్లో జనం సిగ్గుతో
తలలకి కాగితం సంచులు తగిలించుకున్నారు,
కళ్ళకి రెండేసి చిల్లులు.
మూడో పావుకల్లా సంచులు నానిపోయి
ఒక్కొక్క ముఖమే బయటపడింది.
వాళ్ళలో మా పళ్ళ డాక్టరు ఉన్నాడు.

పదిహేడు పాయింట్లు వెనక.
నాలుగో ప్రయత్నం.
విన్‌గేట్ ఈసారి విసరలేదు,
బంతిని పొట్టకి కరుచుకుని
తల వంచి గుంపులోకి దూరాడు.
కుప్ప విడిపోయేసరికి
దాటాడో లేదో ఎవరికీ తెలీదు.
రిఫరీ మా వైపు చెయ్యి ఊపాడు.

గొలుసు మధ్యన గుర్తు క్లిప్పు పట్టుకుని మార్విస్,
అటు గస్, ఇటు నేను,
మైదానం మధ్యకి నడిచాం.
శవయాత్రలో కూడా అంత నిశ్శబ్దం చూళ్ళేదు.
గస్ కర్ర ఆనించాడు. నేను లాగాను,
తివాచీని గోడ అంచుకి లాగినట్టు,
ముడత లేకుండా,
వెంట్రుకవాసి అబద్ధం లేకుండా.

బంతి ముక్కు నా కర్ర దాటింది.
ఎంత దాటింది?
బెత్తెడు కాదు, అంగుళం కాదు,
గోరంత. అదీ నిన్న కత్తిరించుకున్న గోరు.

స్టేడియం విరిగి మీద పడింది అనుకున్నాను.
టారెల్ పళ్ళ మధ్య మట్టితో
నా వైపు తిరిగి "థాంక్యూ సార్" అన్నాడు,
ఆ గోరంతా నేనే ఇచ్చినట్టు.
నేను పలకకూడదు.
పలకలేదు.
కర్ర మాత్రం వణికింది,
చలి అని గస్‌తో చెప్పాను.

ఆ ఆటా పోయింది. పదిహేడు అన్నాను కదా.

లైట్లు ఆర్పేదాకా ఉండి
గొలుసు తుడిచి మడిచి సంచిలో వేశాను.
ఒక కొక్కెంలో గడ్డిపరక ఇరుక్కుని ఉంది.
రూలు ప్రకారం తీసెయ్యాలి.