లోపలి మడత

ఆరు నెలల్లో తేలిపోతుందమ్మా
అన్నారు లాయరు కూర్మారావు గారు.
ఆ రోజు ఆయన నల్లకోటు చంక కింద చిరిగి ఉంది.
అల్లిపురంలో నా మిషను మీద కుట్టిచ్చాను,
డబ్బులు తీసుకోలేదు.
ఆరు నెలలే కదా.

మా పిన్ని అప్పలనరసమ్మ
పెద్దాసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయా.
ఎంతమంది కళ్లు మూసిందో లెక్క లేదు.
తన కళ్లు మూతపడేలోగా
పోస్టాఫీసు డిపాజిట్టు, లాకర్లో ఆరు తులాలు,
కొబ్బరితోటలో రెండు గదులు
నా పేర రాసింది,
తెల్లకాగితం మీద, ఇద్దరు సాక్షుల ఎదుట.
ఒక సాక్షి ఆ ఏడే పోయింది.
రెండో ఆయన గాజువాకలో ఇల్లు మారాడు.
సమను మూడుసార్లు వెళ్లి
తాళం చూసి తిరిగొచ్చింది.

పేపర్లో ప్రకటన వేయించాం.
ఎవరిదో పోయిన టెన్త్ సర్టిఫికెట్టుకీ
అద్దెకిచ్చే షాపుకీ మధ్య
పిన్ని పేరు మొదటిసారి అచ్చులో.
అభ్యంతరాలున్నవారు, అని అడిగారు.
ఉన్నాడు.
మా మావయ్య కొడుకు బంగార్రాజు, ఆటో.

తరవాత వేసవి సెలవులు.
తరవాత జడ్జిగారికి బదిలీ.
తరవాత ఇన్‌చార్జి, ఆయన వాయిదాలకి మాత్రమే ఇన్‌చార్జి.
తరవాత లాయర్లు బయట కూర్చున్నారు,
ఎందుకో మాకెవరూ చెప్పలేదు.
తుఫానుకి రికార్డు గది కిటికీ ఊడి
మా కట్ట తడిసింది,
అది ఆరడానికో వాయిదా.
ఈలోగా కూర్మారావు గారు ఒళ్లు చేశారు.
కోటు అటో అరంగుళం ఇటో అరంగుళం వదులు చేశాను,
మళ్లీ ఏడాదికి ఇంకో అరంగుళం.
మంచి దర్జీ లోపల మడత ఎక్కువ ఉంచుతాడు,
మనిషి ఎంత పెరుగుతాడో తెలీదు గదా.
కోర్టూ అలాంటి దర్జీయే.

సూర్యాబాగ్ వరండాలో పొడుగు బల్ల.
ఆ చివర బంగార్రాజు, ఈ చివర నేను.
మొదటి ఏడు మధ్యలో ఖాళీ.
రెండో ఏడు మధ్యలో నా టిఫిను డబ్బా.
మూడో ఏడు మూత తీసేసరికి
"ఒలే, అత్త వండినట్టే ఉందే ఉప్పుచేప" అన్నాడు,
గోడకేసి చూస్తూ.
సగం పెట్టాను. కేసు కేసే, ఆకలి ఆకలే.
ఆ పైయేటి నుంచి అతని ఆటోలోనే వెళ్లేదాన్ని.
జగదాంబ దగ్గర దిగిపోయి
విడివిడిగా నడిచొచ్చేవాళ్లం,
లాయర్లు చూస్తే బాగోదని.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది.
నెలకోసారి దఫేదారు గుమ్మంలోకొచ్చి
వారసులు అన్న మాట గొంతులోనే మింగేసి
"అప్పలనరసమ్మా!
అప్పలనరసమ్మా!
అప్పలనరసమ్మా!" అని పిలిచేవాడు.
ఇంట్లో ఆ పేరు ఏడాదికోసారి, తద్దినం నాడు.
కోర్టు మాత్రం నెల తప్పలేదు.
పిలిచినప్పుడల్లా మెట్లవైపు చూసేదాన్ని,
తెల్లచీర కుచ్చిళ్లు ఎగదోపి, ఫినాయిలు వాసనతో
"వత్తన్నాను, ఏటా కంగారు" అంటూ
ఎక్కి వస్తుందేమోనని.
ఓసారి బంగార్రాజూ చూశాడు.
ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆరో ఏడు కార్తీకంలో తీర్పు.
వీలునామా చెల్లుతుంది.
"పోన్లే" అన్నాడు బంగార్రాజు.
ఆటో స్టార్టు చేసి కూడా
నేను ఎక్కేదాకా కదల్లేదు.

పోస్టాఫీసు గుమస్తా
ఉత్తర్వుని కిటికీ వెలుగుకి పట్టి
పాసుబుక్కులో నరసమ్మ, దీన్లో నర్సమ్మ, అన్నాడు.
సవరణ పిటిషను వేసుకోవాలట.

కూర్మారావు గారు కోటు విప్పి నా చేతికిచ్చారు.
"రెండు నెలలమ్మా, అంతే."
కుట్టు వెంట వేళ్లు పోనిచ్చి చూశాను.
లోపల మడత అయిపోయింది.
ఇంక కొత్త గుడ్డ అతకాల్సిందే.

గుమ్మంలో బంగార్రాజు, తాళంచెవి తిప్పుకుంటూ:
"మంగళారం ఎన్నింటికి రమ్మంటావే?"

పదింటికి, అన్నాను.