మార్జిన్‌లో చెయ్యి

బెర్గెన్‌లో వాన, ఇవాళ్టికి పదకొండో రోజు.
కాలేజీ ప్రాస్పెక్టస్‌కి మార్కులు వెయ్యడానికి
ముగ్గురం కూర్చున్నాం,
తడి కోట్లు కుర్చీల వీపుల మీద.

అట్ట మీద మాత్రం ఎండ.
పచ్చికలో నలుగురు పిల్లలు, ఒక ల్యాప్‌టాప్, నాలుగు నవ్వులు.
"ఈ ఊళ్ళో తీసింది కాదిది," అన్నాడు ఐవిన్,
"ఒక్కరి దగ్గరా గొడుగు లేదు."

అక్షరాలు బాగున్నాయి, ఊపిరాడేంత ఎడంగా.
హాస్టల్ అద్దెల పట్టికే
లేత బూడిద రంగులో, చీమ తలంత సైజులో,
అప్పడగడానికొచ్చి గుమ్మంలోనే నసిగే మనిషిలా.

తోరున్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
పద్నాలుగో పేజీ వాసన చూసింది.
సిరా ఇంకా పచ్చిగానే ఉందట.
అక్కడ కనబడింది నాకు:
క్యాంటీన్ ఫోటో కుడి అంచున
కత్తెరకి దొరక్కుండా మిగిలిన చెయ్యి.
మణికట్టు దాకానే.
గరిటెతో సూప్ ఒంపుతోంది.

"తప్పు. మూడు మిల్లీమీటర్లు లోపలికి కొయ్యాలి."
నిజమే. క్లాసులో నేను చెప్పే పాఠమే అది.

'కూర్పు' అన్న గడిలో
పదికి నాలుగు వేశాను.
పక్కనే, చిన్నగా:
ఈ చెయ్యి కొయ్యకండి,
పుస్తకం మొత్తంలో పని చేస్తున్నది ఇదొక్కటే.

మధ్యాహ్నం సూప్ కోసం కిందికి దిగాం.
వడ్డించే చేతుల్ని పోల్చుకోవాలని చూశాను.
అందరికీ నీలం తొడుగులు.