నాలుగో నంబరు తోక

నెడా, ఆ కెమెరా కాసేపు పక్కన పెట్టు.
ముందు ఈ తోక చూడు.
మీ మ్యూజియం వాళ్ళు నిన్న సబ్బునీళ్ళ బకెట్టు తెచ్చారు,
ఈ నలుపు కడగాలట.
బకెట్టు తన్నేశాను.
ముసలి షిమెకి మతి చలించిందని రాసుకున్నారేమో,
రాసుకోనీ.

ఇది మురికి కాదు.
నాలుగు విమానాలు గాలిపటంలా కట్టుకుని ఎగిరితే
వెనక మూలన ఉండేది నాలుగో నంబరు.
నాయకుడి ఇంజను వదిలిన వేడి ఊపిరి
సరాసరి దాని తోక మీదే పడేది.
ఆదివారం ప్రదర్శన ముగిసేసరికి
మూడు తోకలు తళతళ,
ఒకటి కట్టెల పొయ్యి మీది కుండ అడుగు.
కొత్త మెకానిక్కు ఎవడైనా తుడవబోతే
చేతి మీద ఒక్కటి వేసేవాణ్ణి:
"ఇస్మెత్ సంపాదించుకున్న మసిరా అది, వదిలెయ్!"

మొదట్లో మాకు జెట్లెక్కడివి?
పెద్ద యుద్ధం వదిలేసి పోయిన పంకా విమానాలు మూడు,
మూడింటికీ మూడు దేశాల నట్లు.
ఒకదాని పానా ఇంకోదానికి పట్టేది కాదు.
అయినా మే నెల పండక్కి పల్టీలు కొట్టించాం.
దిగాక చూస్తే ఒకదాని తోక గుడ్డ చిరిగి వేలాడుతోంది,
మా అమ్మ సూదితో కుట్టాను.

తర్వాత గాలెబ్ వచ్చింది.
గాలెబ్ అంటే మా మాటలో కడలిపిట్ట.
మన దేశంలోనే పుట్టిన పిల్ల అని మురిసిపోయాం.
మన దేశమంటే ఏదో
అప్పట్లో ఎవరికీ అనుమానం లేదు.
పొగకి డీజిలు, డీజిల్లో రంగు.
ఎంత కలపాలో పుస్తకంలో ఉండదు, నా ముక్కుకి తెలుసు.
ఎరుపు ఎక్కువైతే గొట్టం పూడుకుపోతుంది,
తక్కువైతే ఆకాశం సిగ్గుపడ్డట్టుంటుంది.

వెకోస్లావ్ ముందు. ఎడమన జివోయిన్, కుడిన బొగొమిల్.
వెనక ఇస్మెత్.
రెక్కకీ రెక్కకీ మధ్య రెండు మీటర్లు.
నేల మీద అంత దగ్గరగా కూచునేవాళ్ళు కారు,
పేకాటలో తిట్టుకుని లేచిపోయేవాళ్ళు.
ఒకడు పంది ముట్టడు, ఒకడు శుక్రవారం మాంసం ముట్టడు,
జివోయిన్ అన్నీ తింటాడు, అందరి వంతూ.
ఒక్కసారి, బురా గాలి కొండ దిగిన రోజు,
గాల్లో తగిలారు.
జివోయిన్ రెక్క అంచున వెకోస్లావ్ నీలిరంగు గీత.
దిగి, ఒక్క మాటా అనుకోకుండా
ఇద్దరూ ఒకే సిగరెట్టు కాల్చారు.

ఆ వేసవి కాగితం వచ్చింది.
పొగ తొట్లు విప్పు, రెక్కల కింద రాకెట్ పట్టాలు బిగించు.
ఎవరి మీదకని నేనడగలేదు.
రెక్కకి పదహారు బోల్టులు. నా చేతులతోనే బిగించాను.
అది రాసుకో, చెరపకు.

బొగొమిల్ రాత్రి రైలెక్కాడు, టోపీ కొక్కేనికే ఉండిపోయింది.
ఇస్మెత్ తల్లిని చూడ్డానికని సెలవు పెట్టాడు.
వెకోస్లావ్ ఎటు పోయాడో తలా ఒక మాట.
జివోయిన్ ఉండిపోయాడు.
నేను ఊళ్ళోకి నడిచొచ్చేశాను, జేబులో పానాతో.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం
మా నేలమాళిగ మీదుగా గాలెబ్‌లు వెళ్ళాయి, జంటగా.
కన్నతల్లి దగ్గు గుర్తుపట్టినట్టే ఇంజను గుర్తుపడతాను నేను.
వెనకది నాలుగో నంబరు.
లోపల ఇస్మెత్ లేడు. ఎవరున్నారో ఇప్పటికీ తెలీదు.
మా ఆవిడ నా మొహంలోకి చూసింది.
దీపం వత్తి సరిచేశాను.

ఇస్మెత్ ఇప్పుడు స్వీడన్‌లో బస్సు నడుపుతాడు.
ఏడాదికోసారి ఫోను చేసి ఒక్కటే అడుగుతాడు,
"ఇంకా నల్లగానే ఉందా?"
ఉందంటాను.
ఏ మసి పండగదో, ఏ మసి ఆ సెప్టెంబరుదో
గోటితో గీకి చూశాను నెడా,
విడిపడలేదు.

సరే, తియ్యి ఫోటో.
అటు నుంచి కాదు. ఎండ పడే వైపు నుంచి.