బురద గీత

తాక్వారి నది వెనక్కి తగ్గిన పదకొండో రోజు
మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టేపు,
మోకాళ్ల దాకా రబ్బరు బూట్లతో
కొలతలకు వెళ్లాను.
అత్యవసర నిధికి ఒకటే నిబంధన:
గోడ మీద గీత ఉండాలి.
నేల నుంచి మీటరు దాటితే పూర్తి సాయం,
దాటకపోతే సగం,
గీతే లేకపోతే
ఆ ఇంటికి వరదే రాలేదు.

ఆ వీధిలో గోడలన్నీ
ఒకే మొలతాడు కట్టుకున్నట్టున్నాయి.
మిఠాయి కొట్టు వాల్దోమీరో ఇంట్లో మీటరూ ముప్పై,
చర్చి వంటగదిలో మీటరూ ముప్పై రెండు.
రాయడం, ఫోటో తీయడం, సంతకం.
నది ఎంత నిక్కచ్చిగా పనిచేసిందో
మా ఆఫీసు ఏనాడూ అలా చేయలేదు.

పద్దెనిమిదో నంబరు ఇంట్లో మాత్రం
దోనా ఇరసేమ గోడలు
కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.
నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లు తుడిచిన చేతులు
సొంతింట్లో బురద చూసి ఊరుకుంటాయా?
బ్లీచింగు, చీపురు, మూడు రాత్రులు.
"ఇదంతా ఎందుకు కడిగారు?" అన్నాను.
ఇంత తెలివితక్కువ ప్రశ్న
ఆ వీధిలో ఇంకెవరూ వేసి ఉండరు.
"మీరొస్తారని," అంది.
"ఇంటికి ఎవరైనా వస్తారంటే మరి..."

ఫారంలో మూడో గడి నా వైపే చూస్తోంది.
గీత: లేదు, అని రాయబోతే
పెన్ను మొరాయించింది.
జూన్ చలికి. నా మంచితనమేమీ కాదు.

వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది.
ద్వారబంధం ఒక్కటే
తడిగుడ్డ తగలకుండా మిగిలింది.
దాని మీద పెన్సిలు గీతలు.
లూసియార, ఐదేళ్లు. లూసియార, ఆరు.
ఏడు దగ్గర తప్పు రాసి కొట్టేసిన తేదీ.
తొమ్మిదికీ పదికీ నడుమ
ఎండిన బురద, అడ్డంగా,
ఎవరో ఆ పిల్లను ఇంకోసారి నిలబెట్టి కొలిచినట్టు.

"దీన్ని రుద్దడానికి చెయ్యి రాలేదు."

పిల్ల బాగానే ఉందట.
కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
ముప్పై నాలుగేళ్లు, అప్పుడే మోకాళ్ల నొప్పులు.

టేపు వేశాను. మీటరూ ముప్పై ఒకటి.
'గోడ' అని అచ్చేసి ఉన్నచోట కొట్టేసి
'గుమ్మం' అని రాశాను.
పై ఆఫీసులో ఎవరో దాని పక్కన
ఎర్ర సిరాతో ప్రశ్నగుర్తు పెడతారు, తెలుసు.
వస్తే గిస్తే ఆ డబ్బుకు
ఒక ఫ్రిజ్జు, ఒక పరుపు, పొయ్యిలో సగం.

ఫోటో అయ్యాక, గుడ్డ భుజాన వేసుకుని అడిగింది:
"ఇక పైపైన తుడవొచ్చా, పెన్సిలు చెరగకుండా?"
నిధి విడుదలయ్యే దాకా ఆగమ్మా, అన్నాను.
"ఎప్పుడు?"
టేపు గిర్రున లోపలికి చుట్టుకుంది.

నాకు మాతే కాయడానికి లోపలికి తిరిగి,
పొయ్యి లేదని గుర్తొచ్చి
పక్కింటి వైపు నడిచింది, నన్ను కూర్చోమని.
కూర్చోవడానికి ఏమీ లేదు.
గుమ్మానికి ఆనుకోబోయి
ఆగాను.